బయటి ఎమర్జెన్సీ లైట్లు: పట్టపగలు కరెంటు పోతే వెలగాలా, వద్దా?

అపార్ట్‌మెంట్ కమిటీ, వేళచ్చేరి:
చెన్నైలోని మా ఆవరణలో మెయిన్స్ (బయటి నుంచి వచ్చే కరెంటు) మీద బొలార్డ్ లైట్లు (నేల మీది పొట్టి స్తంభాల లైట్లు) 20, ఇన్వర్టర్ మీద 10 వాట్ల దారి లైట్లు 12 ఉన్నాయి. రెండు లైన్లూ ఒకే కాంటాక్టర్‌లోని (కాయిల్‌కి కరెంటు అందినంతసేపే మూసి ఉండే స్విచ్) రెండు పోల్స్ గుండా వెళ్తాయి, దాని కాయిల్‌ని ఫోటోసెల్ (చీకటి పడితే ఆన్ చేసే సెన్సర్) నడుపుతుంది. ఇన్వర్టర్‌కి 12 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్) బ్యాటరీ. ఇప్పుడు వైరింగ్ మార్పిస్తున్నాం. కరెంటు పోతే ఫోటోసెల్‌తో పని లేకుండా లైట్లు వెలగాలంటారు ఒక కాంట్రాక్టర్. పగలు బ్యాటరీ దండగ అంటారు ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

ఫేజ్ టెస్టర్, అంబత్తూరు:
అంతకంటే ముందు ఆ కాయిల్‌కి సప్లై ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. మెయిన్స్ నుంచైతే, కరెంటు పోగానే కాంటాక్టర్ వదిలేస్తుంది. ఇన్వర్టర్ బాగానే ఉన్నా ఒక్క లైటూ వెలగదు. ఫోటోసెల్‌నీ కాయిల్‌నీ ఇన్వర్టర్ లైన్ మీదకి మార్చాలి. దీని మీద చర్చే అక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న. ఫోటోసెల్‌ని దాటించాల్సిందే అంటాను. 230 వోల్టుల కాయిల్ ఉన్న ఎనిమిది పిన్నుల రిలే (కాయిల్‌తో నడిచే చిన్న స్విచ్), దాని బేస్ ఉంటే చాలు. రిలే కాయిల్ మెయిన్స్ మీద. ఎన్‌సీ కాంటాక్ట్ (కాయిల్‌కి కరెంటు లేనప్పుడు మూసి ఉండేది) ఇన్వర్టర్ లైన్‌లో, కాంటాక్టర్ పోల్‌కి ప్యారలల్‌గా. కరెంటు ఉన్నంతసేపూ ఎన్‌సీ తెరిచి ఉంటుంది, ఫోటోసెల్ మాటే చెల్లుతుంది. కరెంటు పోతే మూసుకుంటుంది, లైట్లు వెలుగుతాయి. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 కొద్ది క్షణాల్లోనే వెలగాలంటుంది. రిలేకి అంత కూడా పట్టదు. ఫోటోసెల్ చచ్చిపోయినా లైటు ఆగదు, నాకు కావాల్సింది అదే.

బ్యాటరీ లెక్క, తాంబరం:
ఫేజ్ టెస్టర్ గారూ, మీ పద్ధతిలో పగటి కోతకి రాత్రి బలవుతుంది. లెక్క చూడండి. 12 ఇంటూ 100, అంటే 1200 వాట్ అవర్స్. బ్యాటరీ నాలుగు కాలాలు ఉండాలంటే సగమే వాడాలి, 600. ఇన్వర్టర్ నష్టం తీసేస్తే చేతికొచ్చేది 500. లోడు 120 వాట్లు, అంటే నాలుగు గంటల పైచిలుకు. మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు లేకపోతే 360 ఎండలో వెలిగి పోతుంది. మిగిలిన 140తో రాత్రి 70 నిమిషాలే. కోడ్ అడిగేది గంటన్నర. 2015 డిసెంబర్ వరదల్లో, 2023 మిచాంగ్ తుపానులో వేళచ్చేరికి ఏమైందో తెలిసినవాళ్లు ఆ 140ని నమ్ముకోరు. పైగా ఫోటోసెల్ చెడిపోతే ఆ సాయంత్రమే తెలుస్తుంది, లైట్లు రావు కదా!

ఫేజ్ టెస్టర్, అంబత్తూరు:
చెడిపోయిన రాత్రే కరెంటూ పోతే? మీ లెక్క మాత్రం కాదనను.

ఎలా చేసినా, కరెంటు పోవడాన్ని కనిపెట్టే ఆ రిలే కాయిల్‌ని ఎక్కడ కలుపుతారన్నదే ప్రాణం. చాలామంది మెయిన్ బోర్డులో దగ్గరగా ఉందని అక్కడే కలిపేస్తారు. వానాకాలంలో ఒక బొలార్డ్ గ్లాండ్‌లోకి (కేబుల్ దూరే చోటి బిగింపు) నీళ్లు దిగితే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపే స్విచ్) పడిపోతుంది, బయటంతా చీకటి. మెయిన్ బోర్డులో కరెంటు ఉంది కాబట్టి రిలే కదలదు. అందుకే బొలార్డ్ లైన్ ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్), ఆర్‌సీసీబీ దాటాక, కాంటాక్టర్‌కి ముందు కలపాలి. కాంటాక్టర్ తర్వాత కలిపితే రోజూ తెల్లారగానే రిలే కరెంటు పోయిందనుకుంటుంది. త్రీ ఫేజ్ అయితే బొలార్డ్‌లు ఉన్న ఫేజ్ మీదే పెట్టాలి. ఒక్క ఫేజే పోవడం మన దగ్గర మామూలేగా.

నాలుగు కోర్ల కేబుల్, పెరంబూరు:
ఇదంతా ఎందుకండీ? ఒక్కో లైటుకీ సొంత బ్యాటరీ ఉన్నవి కొనండి. నాలుగు కోర్ల కేబుల్ లాగి పర్మనెంట్ ఫేజ్ (ఎప్పుడూ కరెంటు ఉండేది), స్విచ్చింగ్ ఫేజ్ (ఫోటోసెల్ దాటి వచ్చేది), న్యూట్రల్, ఎర్త్ ఇవ్వండి. కేబుల్ ఒకచోట తెగినా అన్నీ ఆరిపోవు. మూడు కోర్లతో సరిపెట్టి ఫోటోసెల్ దాటిన ఫేజే ఇస్తే మాత్రం పొద్దున్నే కరెంటు పోయిందనుకుని బ్యాటరీ ఖాళీ చేసుకుంటాయి.

బ్యాటరీ లెక్క, తాంబరం:
మే నెల ఎండలో మూసిన ఫిట్టింగ్ లోపల బ్యాటరీ ఎన్నాళ్లు ఉంటుందండీ? లెడ్ యాసిడ్‌కి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగం. నీడలో ఒకే బ్యాటరీ మేలు.

ప్యానెల్ బోర్డు, బెసంట్ నగర్:
ఇద్దరి మాటా నిలిచే దారి ఉంది. రిలే ఎన్‌సీ పక్కనే, దానికి సిరీస్‌లో, డిజిటల్ టైమర్ ఎన్‌సీ కాంటాక్ట్ పెట్టండి. టైమర్ సప్లై ఇన్వర్టర్ నుంచి, ఆన్ ఉదయం 8కి, ఆఫ్ సాయంత్రం 4కి. ఆ ఎనిమిది గంటలే బైపాస్ దారి తెగి ఉంటుంది. టైమర్ చచ్చిపోతే దాని ఎన్‌సీ మూసుకుంటుంది, అంటే తప్పు జరిగినా లైటు వెలిగే వైపే జరుగుతుంది. టైమర్‌ని ఎన్‌ఓతో (ఎన్‌సీకి వ్యతిరేకం, మామూలుగా తెరిచి ఉండేది) కడితే ఈ గుణం తలకిందులవుతుంది, అక్కడ జాగ్రత్త. మబ్బు పట్టి మూడింటికే చీకటైతే ఫోటోసెల్ దారి ఎలాగూ ఉంది. నవంబర్‌లో ఇక్కడ 5:40కే పొద్దు గూకుతుంది, 4 గంటలంటే దానికీ చాలినంత ముందే.

ఇంకో రెండు. ఇన్వర్టర్ న్యూట్రల్‌ని బొలార్డ్‌ల న్యూట్రల్‌తో కలపొద్దు, కలిపితే ఆర్‌సీసీబీ నిలవదు. ఫోటోసెల్‌ని తన లైటే చూసేలా బిగిస్తే రాత్రంతా వెలిగి ఆరుతుంది. లైట్లకి పైన, వెలుగు తగలని వైపు తిప్పి, కేబుల్ కింది నుంచి ఎక్కేలా పెట్టండి. మా సముద్రపు గాలికి పైనుంచి దిగిన గ్లాండ్ త్వరగా పోతుంది. ప్యానెల్‌ని 2015లో నీళ్లు వచ్చిన మట్టానికి పైన బిగించండి.

ఫేజ్ టెస్టర్, అంబత్తూరు:
టైమర్‌కి ఒప్పుకుంటాను, ఒక్క షరతు మీద. బేస్‌మెంట్ ర్యాంపు, మెట్ల నోరు దగ్గరి లైట్లు ఆ టైమర్ కిందకి రాకూడదు. పొగ కమ్మితే అక్కడ పగలూ రాత్రే. వాటికి వేరే వైరు, వేరే రిలే కాంటాక్ట్, టైమర్ లేకుండా.

బ్యాటరీ లెక్క, తాంబరం:
ఆ రెండు మూడు లైట్లకి 30 వాట్లు. మూడు గంటల కోతకి 90 పోతుంది, రాత్రికి 410 ఉంటుంది. నాకు సమ్మతమే.

అపార్ట్‌మెంట్ కమిటీ, వేళచ్చేరి:
ధన్యవాదాలు. పని అయ్యాక పరీక్ష ఎలా?

ప్యానెల్ బోర్డు, బెసంట్ నగర్:
మధ్యాహ్నం బొలార్డ్ ఎంసీబీ దించండి. ర్యాంపు, మెట్ల లైట్లే వెలగాలి. టైమర్‌ని చేత్తో ఆఫ్‌లో పెట్టండి, దాని ఎన్‌సీ మూసుకుని అన్నీ వెలగాలి. రాత్రి 7కి ఫోటోసెల్ సప్లై తీసేసి అదే ఎంసీబీ మళ్లీ దించండి, 12 లైట్లూ రావాలి. తర్వాత మెయిన్ స్విచ్ దించి గంటన్నర వెలగనివ్వండి, చివర్లో దారి మధ్యలో లక్స్ మీటర్ (వెలుగు కొలిచేది) పెట్టి 10 లక్స్ ఉందో లేదో చూడండి.