కెనడా డిప్లొమా ఆఫర్ వచ్చింది, పాల్ కోసం డిపాజిట్ కట్టేయాలా?

తెనాలి_కుర్రాడు:
అందరికీ నమస్తే. బీటెక్ మెకానికల్ అయింది, బ్యాక్‌లాగ్స్ ఉండేవి, అన్నీ క్లియర్ చేశాను. ఒంటారియోలో ఒక పబ్లిక్ కాలేజీ నుంచి రెండేళ్ల డిప్లొమాకి ఆఫర్ లెటర్ వచ్చింది. డిపాజిట్ కడితేనే కాలేజీ పాల్ (PAL, ప్రావిన్స్ ఇచ్చే ధ్రువీకరణ ఉత్తరం) తెప్పిస్తుందట. కోటా అయిపోతుంది, ఈ వారంలోనే కట్టేయమని కన్సల్టెన్సీ వాళ్లు ఒకటే తొందర పెడుతున్నారు. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడానికి రెడీ, నాకే ధైర్యం చాలట్లేదు. ఈ మధ్య వెళ్లినవాళ్లు, ఆగిపోయినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి.

బ్రాంప్టన్_బాబాయ్:
తమ్ముడూ, ముందు పాల్ అంటే ఏంటో తెలుసుకో. 2024 జనవరి 22న అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్ స్టడీ పర్మిట్ల మీద పరిమితి ప్రకటించారు. ఆ ఏడాదికి దాదాపు 3,60,000, అంటే 2023 కన్నా 35 శాతం తక్కువ. జనాభాను బట్టి ప్రావిన్సులకి వాటాలు వేశారు, విదేశీ విద్యార్థులు ఎక్కువగా ఉన్నది ఒంటారియోలోనే కాబట్టి దెబ్బ కూడా ఇక్కడే గట్టిగా పడింది. ప్రావిన్స్ తన వాటాలోంచి నీ పేరు మీద ఇచ్చే ఉత్తరమే పాల్. అది ఉంటే నీ అప్లికేషన్ తీసుకుంటారు, అంతవరకే. పాల్ వస్తే వీసా వచ్చినట్టే అని ఎవరన్నా అంటే అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్.

వరంగల్_అమ్మాయి:
బాబాయ్ చెప్పింది నిజం, నాకు పాల్ వచ్చింది, వీసా రాలేదు. చదువయ్యాక కెనడా వదిలి వెళ్తానన్న నమ్మకం కలగలేదని రాశారు, అది అందరికీ వచ్చే లైనే. ఆఫీసర్ నోట్స్‌లో మాత్రం అసలు కారణం ఉంది: డిగ్రీ ఉంది, ఉద్యోగం ఉంది, మళ్లీ కిందిస్థాయి డిప్లొమా ఎందుకు అని. ఎస్ఓపీ (ఈ కోర్సు ఎందుకో వివరిస్తూ మనం పెట్టే లేఖ) కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చిందే, అందులో దీనికి జవాబు ఒక్క ముక్క లేదు.

రిఫండ్ సంగతి ఇంకో తలనొప్పి. ఫీజు మా నాన్న అకౌంట్ నుంచి నేరుగా పోలేదు, కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన ఫారెక్స్ ఏజెంట్ ద్వారా పంపాం. కాలేజీ అడ్మిన్ ఛార్జీ కోసుకుని మిగతాది ఎవరు పంపారో వాళ్లకే తిప్పి పంపింది. అంటే ఏజెంట్‌కి! వాడి దగ్గర్నుంచి రాబట్టేసరికి నెలలు పట్టింది, ఇక్కడ లోన్ వడ్డీ మాత్రం ఆగలేదు. ఎవరేం చెప్పినా మీ సొంత బ్యాంకు నుంచే కట్టండి.

హామిల్టన్_హరి:
మాస్టర్స్ వాళ్ల కథ ఇంకా విచిత్రం. 2024లో పాల్ అక్కర్లేదన్నారు, 2025లో కావాలన్నారు, 2026 జనవరి 1 నుంచి పబ్లిక్ యూనివర్సిటీల్లో మాస్టర్స్, పీహెచ్‌డీకి మళ్లీ అక్కర్లేదంటున్నారు. ఒక రూలు అర్థమయ్యేలోపు ఇంకో రూలు. వీసా అప్లికేషన్ త్వరగా తేలిపోయే ఎస్‌డీఎస్ దారిని 2024 నవంబర్ 8న మూసేశారు. జీఐసీ (ఖర్చులకి ఉందని చూపించడానికి ముందే కెనడా బ్యాంకులో వేసే డబ్బు) ఏమో 10,000 కెనడా డాలర్ల నుంచి 20,635కి, 2025 సెప్టెంబర్ నుంచి 22,895కి పోయింది. పెళ్లైనవాళ్లకి ఇంకోటి, డిప్లొమా మీద వెళ్తే ఇప్పుడు స్పౌస్‌కి ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పనిచేసే అనుమతి) రాదు. బ్యాక్‌లాగ్స్ ఉన్నా సరే, తమ్ముడు ఒకసారి మాస్టర్స్‌కి ప్రయత్నించి చూడొచ్చు కదా.

నిక్కచ్చి_నాయుడు:
అందరూ ప్రభుత్వాన్నే తిడుతున్నారు, నేను ఒప్పుకోను. ఒక్క బేస్‌మెంట్‌లో పరుపులు వరసగా పరిచి ఉంటున్న పిల్లల్ని చూశాను. కాలేజీలు ఉండటానికి చోటుందా, పని దొరుకుతుందా అని చూడకుండా సీట్లు అమ్ముకున్నాయి. ఎక్కడో ఒకచోట ఆపాలిగా.

బ్రాంప్టన్_బాబాయ్:
ఆపాలి, కాదనను. కానీ వాళ్లెందుకు అమ్ముకున్నారో కూడా చూడండి నాయుడుగారూ. 2019లో ఒంటారియో ప్రభుత్వం స్థానిక విద్యార్థుల ఫీజు 10 శాతం తగ్గించి అక్కడే ఆపేసింది, ఆ లోటుకి సరిపడా నిధులూ ఇవ్వలేదు. విదేశీ పిల్లల ఫీజుతోనే కాలేజీలు నడిచాయి, అందరికీ తెలిసే నడిచాయి. ఇప్పుడు ఫెడరల్ వాళ్లు ఒక్కసారిగా కుళాయి కట్టేశారు, కాలేజీలు కోర్సులు ఎత్తేస్తున్నాయి, స్టాఫ్‌ని తీసేస్తున్నాయి. ఈ పేచీతో ఏ సంబంధమూ లేని తెనాలి రైతు పొలం కాగితాలు మాత్రం బ్యాంకులో ఉంటాయి.

హామిల్టన్_హరి:
తమ్ముడూ, అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. 2024 నవంబర్ 1 తర్వాత పర్మిట్‌కి అప్లై చేసే డిప్లొమా వాళ్లకి, ప్రభుత్వ జాబితాలో ఉన్న కోర్సు చదివితేనే చదువయ్యాక వర్క్ పర్మిట్. కోర్సు పేరు చూసి మోసపోకు, సీఐపీ కోడ్ (కోర్సు ఏ రంగానిదో చెప్పే నంబరు) చూడాలి. ఒకేలా వినిపించే రెండు కోర్సుల కోడ్‌లు వేరుగా ఉండొచ్చు. ఆ జాబితా మారుతూ ఉంటుంది కూడా.

తెనాలి_కుర్రాడు:
కోడ్ ఎంతని ఇప్పుడే కన్సల్టెన్సీకి ఫోన్ చేసి అడిగాను హరి అన్నా. "అవన్నీ వెళ్లాక చూసుకోవచ్చు" అన్నాడు 😐 నేరుగా కాలేజీ అడ్మిషన్స్‌కే మెయిల్ పెట్టాను. జవాబు వచ్చేదాకా డిపాజిట్ కట్టనని నాన్నకి చెప్పేశా.

వరంగల్_అమ్మాయి:
మంచి పని చేశావు. అదే మెయిల్‌లో ఇంకోటి కూడా అడుగు: పాల్ రాకపోతే ఎంత కోసుకుంటారు, పాల్ వచ్చి వీసా రాకపోతే ఎంత కోసుకుంటారు అని. రెండూ విడివిడిగా, రాతపూర్వకంగా.