వాన నిలిచి పది రోజులైనా నడింట్లో నేలలోంచి నీళ్ళు ఊరుతున్నాయి, సంపు తోడెయ్యొచ్చా?

చెరువుకింద_ఇల్లు:
అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది మదనపల్లె దగ్గర పల్లె, చెరువు కట్టకి దిగువన ఇల్లు. ఎన్నేళ్ళకో చెరువు నిండి మరవ (అలుగు) పారితే ఊరంతా పోయి పసుపు కుంకుమ వేసి వచ్చాం. ఇప్పుడు వాన నిలిచి పది రోజులు, ఎండ కూడా కాస్తోంది, కానీ నడింట్లో బండల సందుల్లోంచి నీళ్ళు ఊరుతా ఉన్నాయి. వాకిట్లోంచి చుక్క రాలేదు, ఇసక మూటలు వేసినా లాభం లేదు. మా అమ్మ గోనెసంచి పరిచి, తడిసినాక పిండేసి బకెట్లో పోస్తుంది, గంటకి మళ్ళీ అంతే. బావిలో నీళ్ళు చెంబుతో ముంచుకునేంత పైకొచ్చాయి, బోరు స్విచ్ వెయ్యకుండానే కారుతోంది. ఇంటి ముందర 5000 లీటర్ల సంపు ఉంది, దాన్ని మొత్తం తోడేస్తే ఇంట్లో ఊట అందులోకి దిగుతుందని మా చిన్నాయన అంటాడు. రేపు మోటారు పెడదామా వద్దా, తెలిసినోళ్ళు తొందరగా చెప్పండి.

మేస్త్రి_తిరుపతి:
తమ్ముడూ, సంపు మాత్రం తోడొద్దు, నీ కాళ్ళు పట్టుకుంటా. 2021 నవంబరు వానల తర్వాత మా తిరుపతిలో ఒకింట్లో భూమిలో ఉన్న సిమెంటు ఒరల తొట్టి కడుగుతుండగానే నేల చీల్చుకుని పైకి లేచింది, టీవీల్లో అందరూ చూశారు. అది మాయా మంత్రం కాదు, చుట్టూ నేలంతా నీళ్ళు నిండినప్పుడు ఖాళీ తొట్టి పడవ లెక్క. 5000 లీటర్ల నీళ్ళు తీసేస్తే ఆ 5 టన్నుల బరువు పోయినట్టే, కింద నుంచి తోసే నీళ్ళ బలం మాత్రం అట్లనే ఉంటుంది. సంపు నిండా నీళ్ళు పెట్టి మూత వేసెయ్. సెప్టిక్ ట్యాంకు కూడా ఇప్పుడు లారీ పిలిచి ఖాళీ చేయించొద్దు, అదే కథ.

ఇంకోటి, నీళ్ళు కింద నుంచి వస్తుంటే వాకిలి మూసి ఏం చేస్తాం, పోయే దారి చూపించాలి. ఇంటికి పల్లం ఎటుందో చూసి అటు పక్క గోడకి నాలుగైదు అడుగులు ఎడంగా కాలువ తవ్వి వాగులోకి వాలు ఇవ్వు, పునాది అడుగు కన్నా లోతు పోవద్దు. బురద మట్టితో కట్టిన పాత గోడలైతే బీటల చివర పెన్సిల్‌తో గీత పెట్టు, బీట గీత దాటిందంటే ఆ రాత్రి ఆ గదిలో ఎవరినీ పడుకోనియ్యొద్దు.

అమలాపురం_అక్క:
మా కోనసీమలో నీళ్ళు ఎప్పుడూ పైనే ఉంటాయండి, అందుకే ఇళ్ళు మెరక చేసి కడతారు. మీరు భయపడాల్సింది నేల తడి కన్నా బావి గురించి. మరుగుదొడ్డి గుంతలో నీళ్ళూ బావి నీళ్ళూ ఇప్పుడు ఒకే మట్టంలో కలిసిపోయుంటాయి, చూడటానికి తేటగా ఉన్నా తాగొద్దు. మరుగుదొడ్లో నీళ్ళు పోస్తే బుడబుడమని వెనక్కి వస్తోందా? వస్తుంటే కొన్నాళ్ళు వాడకం ఆపండి. తాగే నీళ్ళు తెర్లే దాకా కాచుకోండి. బావిలో వెయ్యడానికి బ్లీచింగ్ మామూలుగా 1000 లీటర్లకి 2.5 గ్రాముల లెక్క, ఇలాంటప్పుడు ఇంకా ఎక్కువ పట్టొచ్చు కాబట్టి ఏఎన్‌ఎం గారిని పిలిచి చూపించి వేయించండి. ముందు మెయిన్ ఆపి, కిందున్న ప్లగ్గులు, మోటారు స్టార్టరు పైకి మార్పించండి, తడి గచ్చు మీద వట్టి కాళ్ళతో స్విచ్ ముట్టుకోవద్దు. బియ్యం మూటలు ఎక్కడున్నాయి?

చెరువుకింద_ఇల్లు:
నేల మీదే ఉండె అక్కా, మీ మెసేజ్ చూసి రాత్రే ఇటుకల మీద మంచం పట్టెలు వేసి ఎత్తినాం, అడుగునున్న రెండు మూటల వేరుశనగ అప్పటికే బూజు పట్టింది. విత్తనానికి పెట్టుకున్నది అది. సంపు జోలికి పోలేదు, చిన్నాయనకి తిరుపతి వీడియో చూపిస్తే గమ్మునైపోయినాడు. కాలువ తవ్వినాం, నీళ్ళు సన్నగా పోతా ఉన్నాయి. మెయిన్ ఆపినాం, దీపంతోనే ఉన్నాం. ఊట ఎన్నాళ్ళుంటుందన్నా?

మేస్త్రి_తిరుపతి:
చెరువు నిండుగా ఉన్నన్నాళ్ళు కట్ట కింద నేల ఊరుతూనే ఉంటుంది తమ్ముడూ, వారాలు పట్టొచ్చు. బావి ఒర మీద సున్నంతో గీత పెట్టి రోజూ పొద్దున చూడు. వచ్చే ఏడు ఆ గీత దాకా నీళ్ళు వచ్చినప్పుడే మూటలు ఎత్తుకోవచ్చు. గచ్చు ఇప్పుడే పగలగొట్టి మళ్ళీ వెయ్యొద్దు, నీళ్ళు పూర్తిగా దిగినాక చూద్దాం.

చెరువుకింద_ఇల్లు:
గీత పెట్టినా అన్నా. ఈ పొద్దుటికి రెండు వేళ్ళు దిగింది.