చదివితే అర్థమయ్యే ఇంగ్లీషు, రాయబోతే ఎందుకు తడబడుతోంది?

ప్రశ్న:
నమస్కారం. ఇంగ్లీషు వ్యాసాలు చదివితే నాకు చాలావరకు అర్థమవుతాయి కానీ, ఒక పేరా రాయవలసి వస్తే ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) దగ్గర, కాలాల దగ్గర తడబడతాను. 6 నెలలుగా రోజుకు 30 పదాలు తెలుగు అర్థాలతో కంఠస్థం చేస్తున్నాను. వారం తిరిగేసరికి సగం గుర్తుండడం లేదు. గుర్తున్నవాటిని వాక్యంలో పెట్టడానికి ధైర్యం చాలడం లేదు. వ్యాకరణం మళ్ళీ మొదటి నుంచి చదవాలా, పదసంపద మీదే దృష్టి పెట్టాలా?

సమాధానం:
రోజుకు 30 పదాల పద్ధతిని ఆపేయమనే చెబుతాను. ఇంగ్లీషు బోధనా నిపుణుడు మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన జాబితాలో ఉన్నవి సుమారు 2,000 ముఖ్య పదాలే అయినా, మామూలు రాతలో కనిపించే మాటల్లో చాలా భాగం ఆ పదాలూ వాటి నుంచి వచ్చిన రూపాలే. వాటి అర్థాలు మీకు తెలిసే ఉంటాయి. తెలియనిది వాటి పొందిక, అంటే ఏ పదం పక్కన ఏ పదం రావాలన్నది. మనం తప్పూ చేస్తాం, హోంవర్కూ చేస్తాం. ఇంగ్లీషులో మాత్రం తప్పుకు 'మేక్', హోంవర్క్‌కు 'డూ' రావాలి. పెద్ద వాన 'హెవీ రెయిన్', పెద్ద గాలి 'స్ట్రాంగ్ విండ్'. ఇందులో సూత్రమేమీ లేదు, వాడుకే ప్రమాణం. అందుచేత ప్రతి పదాన్నీ దాని తోడు పదంతో కలిపి చిన్న వాక్యంగా రాసుకోండి. రోజుకు 5 చాలు. మరునాడు, 3 రోజులకు, వారానికి, నెలకు పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి; నేర్చిన తొలి గంటల్లోనే మరుపు వేగంగా సాగుతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే చేసుకున్న ప్రయోగాలతో చూపారు.

మరొకరి సమాధానం:
పై మాటలు నిజమే కానీ, పొందిక తెలిసినంత మాత్రాన ఆర్టికల్స్ కుదురుకోవు. తెలుగులో ఆర్టికల్ లేదు గనుక అది జారిపోయినా మన చెవికి లోటు తెలియదు. రాసిన తరువాత ప్రతి నామవాచకం దగ్గరా ఆగి, అది లెక్కించదగినదా, ఏకవచనమా, ఏ వస్తువో చదివేవారికి ముందే తెలుసా అని వరుసగా అడగండి. 'అడ్వైస్', 'ఇన్ఫర్మేషన్', 'ఫర్నిచర్' లెక్కించదగినవి కావు కనుక 'యాన్ అడ్వైస్' అనకూడదు, 'అడ్వైసెస్' అనీ అనకూడదు. కాలాల చిక్కు కూడా మన భాష నుంచి వచ్చినదే. 'చూశాను' అన్న ఒక్క క్రియ 'ఐ సా', 'ఐ హావ్ సీన్' రెండింటికీ సరిపోతుంది. అయితే 'నిన్న' అని సమయం చెప్పాక 'ఐ సా' మాత్రమే ఒప్పు. 'గురించి చర్చించాం' అనే అలవాటుతో వచ్చే 'డిస్కస్ అబౌట్' కూడా ఇటువంటిదే. అక్కడ 'అబౌట్' అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా రాతను దిద్దేవారు ఎవరూ లేరు. ఒంటరిగా ఎలా సరిచూసుకోవాలి?

మొదట సమాధానమిచ్చినవారు:
మంచి ఇంగ్లీషు పేరా ఒకటి తీసుకుని తెలుగులో రాయండి. 2 రోజుల తరువాత, మూలం చూడకుండా, ఆ తెలుగును తిరిగి ఇంగ్లీషులోకి మార్చి రెండింటినీ పక్కపక్కన పెట్టండి. లాటిన్ నేర్చేవారికి ఆంగ్ల పండితుడు రోజర్ ఆస్కమ్ 16వ శతాబ్దంలో సూచించిన పద్ధతి ఇదే. ఎక్కడ తేడా వచ్చిందో ఆ వాక్యాన్ని మాత్రం వేరే నోటుబుక్కులోకి ఎక్కించండి. నెల తిరిగేసరికి మీరు పదేపదే చేసే తప్పులు ఏవో అందులోనే కనబడతాయి, వ్యాకరణ పుస్తకంలో ఆ అధ్యాయాలనే తెరవండి.