లాంగ్ రైడ్ పుస్తకాలు, సినిమాలు: బండి మొరాయించినవి చెప్పండి

బుల్లెట్ బాబాయ్:
నిన్న రాత్రి ‘ది మోటార్‌సైకిల్ డైరీస్’ సినిమా మళ్ళీ చూశాను, చే గెవారా కుర్రతనపు యాత్ర కథ. మొదటిసారి చూసినప్పుడు పేరు నమ్మి రెండు గంటలూ బండి మీదే తిప్పుతారనుకున్నా, తీరా చూస్తే చిలీలోనే బండి పోయింది. టికెట్ డబ్బులు దండగ అనుకున్నా అప్పట్లో. 1952లో చే గెవారాకి 23 ఏళ్ళు, ఇంకా డాక్టరు కాలేదు, స్నేహితుడు అల్బెర్తో గ్రనాడోతో కలిసి పాత 500 సీసీ నార్టన్ మీద బయల్దేరాడు. బండి పేరు ‘లా పొదెరోసా’, అంటే మహా బలమైనది అని. ఆ బలమైనది మధ్యలోనే చేతులెత్తేసింది! ఆ తర్వాత లారీలెక్కి, నడిచి, చివర్లో అమెజాన్ నది మీద తెప్పలో కూడా పోయారు. చుకికమాటా రాగి గని దారిలో చలికి వణుకుతున్న ఒక కార్మికుడు, అతని భార్య కలుస్తారు చూడండి, బండే బాగుంటే వాళ్ళని దాటేసి పోయేవాళ్ళు కదా అనిపించింది ఈసారి. ఇలాంటివి ఇంకేం ఉన్నాయి? మీకు జరిగినవి ఉంటే అవీ రాయండి. డ్రోన్ షాట్ల వ్లాగులు మాత్రం వద్దు బాబూ.

నల్లమల నైట్:
పుస్తకం సంగతి తర్వాత, ముందు నాది వినండి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోతుంటే మన్ననూరు ఇంకా రాకముందే క్లచ్ వైరు హ్యాండిల్ దగ్గర పుటుక్కున తెగింది. సాయంత్రం ఐదయింది, రాత్రి తొమ్మిదికి అక్కడి అడవి గేటు మూసేస్తారు, ఒకటే టెన్షన్. న్యూట్రల్‌లో ఇంజన్ స్టార్ట్ చేసి, బండిని తోస్తూ పరిగెత్తి, ఎగిరి కూర్చుని ఫస్ట్ గేరు తన్నడం... రెండుసార్లు పడ్డాను, అది వేరే కథ. అలా ఒక ఊరి దాకా పోతే, బోరు మోటార్లు రిపేరు చేసే పెద్దాయన ఒకరు చూసి, కరెంటు వైర్లు కలపడానికి వాడే కనెక్టరు ఉంటుందే, దాని ప్లాస్టిక్ తొడుగు ఊడబీకి, లోపలి ఇత్తడి ముక్కని తెగిన వైరు కొసకి ఎక్కించి స్క్రూ బిగించాడు. క్లచ్ లివర్‌లో గుండీలా కూర్చుంది. డబ్బులు తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు. దాంతోనే శ్రీశైలం పోయి ఇంటికొచ్చాను.

వెనక సీటు:
@నల్లమల నైట్, మీ పెద్దాయన పిర్సిగ్‌కి బాబాయి అవుతాడండీ! ఆయన తన బైకు యాత్ర మీద రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’లో సరిగ్గా ఇదే ఉంది. స్నేహితుడి బీఎండబ్ల్యూ హ్యాండిల్ జారుతుంటే, బీరు డబ్బా రేకు కత్తిరించి సందులో పెడదాం అంటాడు పిర్సిగ్. ఆ స్నేహితుడికేమో చిన్నతనంగా ఉంటుంది, అంత ఖరీదైన బండికి బీరు డబ్బా రేకా అని. ఆ పుస్తకాన్ని 121 మంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు, చివరికి 1974లో వచ్చింది. మధ్యలో ఫిలాసఫీ క్లాసు భరించలేక నేను రెండుసార్లు వదిలేశాను, అబద్ధమెందుకు. కానీ నాకు నచ్చింది వెనక కూర్చున్న పిర్సిగ్ కొడుకు. పదకొండేళ్ళ పిల్లాడు, దారంతా వాడికి కనపడింది నాన్న వీపే. ఆఖర్లో ఫుట్‌రెస్టుల మీద నిలబడి భుజం పైనుంచి రోడ్డు చూస్తాడు. పెళ్ళయినప్పట్నుంచీ మా ఆయన వీపు చూస్తూ తిరిగిన దాన్ని, నాకు తెలుసు ఆ బాధ. పోయినేడు లైసెన్సు తీసుకున్నాను. అన్నట్టు ఎల్‌స్పెత్ బియర్డ్ ‘లోన్ రైడర్’ చదవండి. 1982లో లండన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్న అమ్మాయి, పాత బీఎండబ్ల్యూ మీద ఒంటరిగా ప్రపంచం చుట్టింది. చేతిలో డబ్బులయిపోతే సిడ్నీలో ఉద్యోగం చేసి, సామాను పెట్టెలు కూడా అక్కడే సొంతంగా రేకుతో చేసుకుంది.

డాలస్ దారి:
‘లాంగ్ వే రౌండ్’ టీవీ సిరీస్‌ని ఎవరూ తలవలేదే? 2004లో ఇద్దరు నటులు బైకుల మీద లండన్ నుంచి తూర్పుగా న్యూయార్క్ వచ్చారు. వెనకాల జీపులు, డాక్టరు, నిర్మాతలు అని తిట్టేవాళ్ళున్నారు, కొంత నిజమే. కానీ మంగోలియా ఎపిసోడ్లు చూడండి, కెమెరామన్ క్లాడియో బండి చెడిపోతే అక్కడే ఒక ఎర్రటి రష్యన్ బండి కొని ఇస్తారు. సైబీరియాలో నదులు పొంగితే బైకులు లారీకెక్కించారు. దాచకుండా చూపించారు కదా, నాకది చాలు.

బుల్లెట్ బాబాయ్:
వాళ్ళందరికీ గురువు టెడ్ సైమన్. ‘జూపిటర్స్ ట్రావెల్స్’. 1973 నుంచి నాలుగేళ్ళు ట్రయంఫ్ 500 బైకు మీద ప్రపంచం చుట్టి రాసిన పుస్తకం. మొదటిసారి లైసెన్సు పరీక్షలో తప్పాడాయన! బ్రెజిల్‌లో జైల్లో కూడా ఉన్నాడు. మళ్ళీ డెబ్బై ఏళ్ళ వయసులో అదే దారి పట్టాడు.

పల్లకీ పంతులు:
మీ అందరికంటే ముందు మనవాడొకడున్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య, 1830లో మద్రాసు నుంచి కాశీకి పల్లకీలో. బండి లేదు కాబట్టి ఈ చర్చలో చోటు లేదంటారేమో, కానీ ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే అచ్చం రైడర్ లాగ్ బుక్కే. ఏ మజిలీలో అంగళ్ళున్నాయి, నీళ్ళెలా ఉన్నాయి, దారి ఇసకా రాయా, అన్నీ రాశాడు. @నల్లమల నైట్, ఆయనా శ్రీశైలం మీదుగానే హైదరాబాద్ పోయాడు. క్లచ్ వైరు గొడవ లేదు గానీ బోయీలున్నారు.

కొత్త బండి:
అన్నీ చదివాను, పుస్తకాలు తర్వాత కొంటాను. ఆ కరెంటు కనెక్టరు ఏ సైజుదో చెప్పండి ప్లీజ్, ఆదివారం అరకు పోతున్నాం.

నల్లమల నైట్:
క్లచ్ వైరు ముక్క షాపుకి తీసుకెళ్ళి దూర్చి చూసుకో తమ్ముడూ. రెండు కొనుక్కో. స్క్రూడ్రైవరు మర్చిపోకు.