ఫ్రాన్స్‌లో పర్మనెంట్ జాబ్ వదిలేసి రెండేళ్ళ వీసా మీద కెనడా: ఈ అమ్మాయి వెళ్ళాలా వద్దా?

తులూజ్_శ్రీను

అందరికీ నమస్తే. ఒక విషయంలో మీ అభిప్రాయాలు కావాలి, తిట్టినా పర్లేదు.

నేను తులూజ్‌లో ఏరోస్పేస్ సాఫ్ట్‌వేర్ చేస్తాను. మా టీమ్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, ఫ్రెంచాయన, ఆయన కూతురికి 26 ఏళ్ళు, సప్లై చెయిన్‌లో మాస్టర్స్ చేసి ఊరి పక్కనే కొలొమియేలో ఒక చిన్న సబ్‌కాంట్రాక్టర్ కంపెనీలో రెండేళ్ళుగా సీడీఐ మీద పనిచేస్తోంది. సీడీఐ అంటే ఇక్కడ పర్మనెంట్ ఉద్యోగం, ఫ్రాన్స్‌లో లేనివాళ్ళకి దాని విలువ అంత తేలిగ్గా తెలీదు, ఇల్లు అద్దెకి అడిగితే ఓనరు ముందు చూసేది అదే, బ్యాంకు లోనుకైనా అదే. ఆ పిల్ల కెనడా పీవీటీకి పేరిచ్చింది. పీవీటీ అంటే వర్కింగ్ హాలిడే, ఫ్రెంచ్ వాళ్ళకి 35 ఏళ్ళ దాకా ఇస్తారు, రెండేళ్ళు ఇష్టమొచ్చిన కంపెనీలో పని చేసుకోవచ్చు, కాకపోతే లాటరీ. లాటరీలో పేరొచ్చేసింది. ఇప్పుడు 10 రోజుల్లో సరే అనాలి, తర్వాత 20 రోజుల్లో కాగితాలు పెట్టాలి. మాంట్రియల్ వెళ్తుందట, అక్కడ ఉద్యోగం ఏమీ లేదు, దిగాక వెతుక్కుంటుందట.

వాళ్ళ నాన్న నన్ను కాఫీ మెషిన్ దగ్గర పట్టుకుని, నువ్వు నీ దేశం వదిలొచ్చావు కదా, ఆదివారం భోజనానికి రా, ఎంత కష్టమో దానికి చెప్పు అంటున్నాడు. నా మటుకు నాకు వద్దనే అనిపిస్తోంది. ఇంకా కుదురుకోని పిల్ల, ఉన్నది వదిలి లేనిదానికి పోవడం ఏంటి. మీరేమంటారు?

పల్నాటి పిల్ల

26 ఏళ్ళ అమ్మాయి, సొంత సంపాదన, మధ్యలో మీరెవరండీ చెప్పడానికి 😀 భోజనం చేసి వచ్చెయ్యండి చాలు.

మాంట్రియల్_రవి

శ్రీను గారూ, నేను ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి చూసింది చెప్తాను. ప్లాటో మోన్‌రొయాల్ అని ఒక ఏరియా ఉంది, అక్కడ బేకరీలో నిలబడితే ముందువాడూ ఫ్రెంచోడే వెనకవాడూ ఫ్రెంచోడే, ఇక్కడివాళ్ళు దాని మీద జోకులేసుకుంటారు కూడా. ఈ పిల్లలు రెండు రకాలు. ఒకరకం వచ్చి కేఫ్‌లో పని పట్టుకుని, ఒక చలికాలం చూసి, ఇన్‌స్టాలో మంచు ఫోటోలు పెట్టి వెళ్ళిపోతారు. రెండోరకం వచ్చిన మొదటివారం నుంచే ఇది వేరే దేశం అని గుర్తుపెట్టుకుంటారు, భాష ఒకటే అయినంత మాత్రాన మనుషులు ఒకటి కాదని, ఆఫీసులో గంటలకొద్దీ వాదించే అలవాటు ఇక్కడ నడవదని, ఏడాదికి ఐదు వారాల లీవు ఇక్కడ ఎవడూ ఇవ్వడని, మొదటేళ్ళలో రెండు వారాలు ఇస్తే సంతోషించాలని. వాళ్ళు నిలబడిపోతారు. ఆ అమ్మాయి ఏ రకమో మీకు తెలియాలి, నాకు తెలీదు.

ఇంకోటి. మాకు ఇక్కడ పీఆర్, అంటే శాశ్వత నివాసం కోసం ఫ్రెంచ్ నేర్చుకునేసరికి జుట్టు ఊడింది. ఆ పిల్ల పుట్టుకతో తెచ్చుకుంది. మాంట్రియల్ ఉన్న క్యూబెక్‌లో 1977 నుంచి లోయి 101 అని ఫ్రెంచ్ భాషా చట్టం ఉంది, 2022లో ఇంకా గట్టి చేశారు, కంపెనీల్లో పని ఫ్రెంచ్‌లో జరగాలి. సప్లై చెయిన్ లాంటి పనికి ఫ్రెంచ్, ఇంగ్లీష్ రెండూ వచ్చిన మనిషి దొరకడం ఇక్కడ అంత సులువు కాదు. నేనైతే వెళ్ళమనే అంటాను. అన్నీ ప్లాన్ చేసుకుని వెళ్దామనుకుంటే ఎవడూ ఊరి పొలిమేర దాటడు.

అన్నట్టు సీడీఐ సీడీఐ అంటున్నారు, 2020 జూన్‌లో ఎయిర్‌బస్ 15,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించినప్పుడు మీ తులూజ్‌లో సబ్‌కాంట్రాక్టర్లు ఎలా వణికారో మీకే తెలియాలి.

కరీంనగర్_పోరడు

నాకో డౌటు అన్నా. ఆ పిల్ల మాస్టర్స్ చేసింది కదా, ఫ్రాన్స్‌ల సర్కారీ యూనివర్సిటీల వాళ్ళ పిల్లలకు ఏడాదికి ఫీజు 250 యూరోల చుట్టుముట్టు. మా తమ్ముడు గదే మాస్టర్స్‌కు అడిగితే 3,800 పైన చెప్పిన్రు, 2019ల తెచ్చిన రూలంట, యూరప్ బయటి పిల్లలకు వేరే రేటు. సరే అది పక్కకు పెట్టు. వాళ్ళ పిల్లల మీద గవర్నమెంటు ఒక్కొక్కరి మీద ఏడాదికి పదివేల యూరోలకు పైనే పెడ్తది. గంత పెట్టి చదివిపిస్తే పని మొదలు పెట్టి రెండేండ్లు కాంగనే పోతనంటది. పైసలు పెట్టినోళ్ళకు ఏం మిగిలింది? నాన్నకు కోపం రావుడు కరెక్టే.

పల్నాటి పిల్ల

మన ఐఐటీల్లో, ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో జనం డబ్బుతో చదువుకుని అమెరికా వెళ్ళినవాళ్ళని అడుగు తమ్ముడూ ఈ ప్రశ్న. సగం మంది ఈ థ్రెడ్‌లోనే ఉంటారు.

కరీంనగర్_పోరడు

అడుగుతున్న అక్కా, వాళ్ళనూ అడుగుతున్న. నేనేమన్న ఫ్రెంచోళ్ళకే రూలు పెట్టిన్నా. 2017 ఎలక్షన్ల వాళ్ళ లెఫ్ట్ లీడరు మెలాన్‌షోన్ గిదే మాట్లాడిండు, అమెరికా లెక్క పౌరుడు యాడున్నా పన్ను కట్టాలె అని. తప్పేముంది అండ్ల?

లియోన్_సుజాత

పన్ను గొడవ తర్వాత. మీరంతా వెళ్ళాలా వద్దా అని కొట్టుకుంటున్నారు, ఎలా వెళ్ళాలి అన్నది ఒక్కరూ అడగట్లేదు. నేను ఇక్కడ హెచ్ఆర్‌లో పనిచేస్తాను, రోజూ ఇవే కేసులు.

ఒకటి, ఆ అమ్మాయి రాజీనామా ఇస్తే షోమాజ్, అంటే నిరుద్యోగ భృతి, రాదు. ఇది అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే, షోమాజ్‌కి వెనక్కి 24 నెలలు చూసి అందులో కనీసం 6 నెలల పని ఉందా అని లెక్కేస్తారు. కెనడాలో చేసిన పని ఆ లెక్కలోకి రాదు, ఎందుకంటే అది యూరప్ బయట. రెండేళ్ళు అక్కడుండి తిరిగొస్తే ఇక్కడ చేసిన రెండేళ్ళ పనీ ఆ కిటికీ లోంచి జారిపోయి ఉంటుంది. అంటే 28 ఏళ్ళ వయసులో నాన్న ఇంట్లో, చేతిలో సున్నాతో మొదలు. అదే రూప్త్యూర్ కన్వెన్షనల్, అంటే కంపెనీ తనూ ఇద్దరూ ఒప్పుకుని కాంట్రాక్టు ముగించడం, 2008 నుంచి ఉంది, అది దొరికితే ఫ్రాన్స్ ట్రవాయ్‌లో, అంటే ప్రభుత్వ ఉపాధి ఆఫీసులో, భృతి హక్కు తెరిపించుకుని వెళ్ళొచ్చు, వెళ్ళగానే ఆగిపోతుంది గానీ పోదు, తిరిగొచ్చాక మిగిలింది వాడుకోవచ్చు. కానీ కంపెనీ ఒప్పుకోవాలి, దాని ఖర్చు చూసి చిన్న కంపెనీ వెనకాడొచ్చు.

కాంజె సబాటిక్, అంటే ఉద్యోగం పోకుండా పెట్టే పొడుగు సెలవు, అని ఎవరో ఒకరు అంటారు కాబట్టి ముందే చెప్తున్నా, దానికి మొత్తం ఆరేళ్ళ ఉద్యోగ అనుభవం, అదే కంపెనీలో మూడేళ్ళు కావాలి, ఈ పిల్లకి లేవు. మిగిలింది జీతం లేని సెలవు, అది పూర్తిగా బాసు దయ, చట్టంలో హక్కేం లేదు, కానీ అడగడానికి డబ్బులు కట్టక్కర్లేదు కదా. అడిగిందా అసలు?

రెండోది నాకు ఇంకా ముఖ్యం. వీ.ఐ.ఈ. గురించి ఎవరూ మాట్లాడలేదు. బిజినెస్ ఫ్రాన్స్ నడిపే స్కీమ్, ఫ్రెంచ్ కంపెనీ విదేశంలో ఉన్న తన ఆఫీసుకి 6 నుంచి 24 నెలలు పంపుతుంది, వచ్చే డబ్బు మీద పన్ను లేదు, పెన్షన్ లెక్కలోకి కూడా వస్తుంది. దీనికి మాత్రం వయసు 28 దాటకూడదు, జీవితంలో ఒక్కసారే. పీవీటీ 35 దాకా ఉంటుంది. అంటే ముందు మూసుకునే తలుపు వీ.ఐ.ఈ.ది, ఈ పిల్ల 35 దాకా తెరిచుండే తలుపులోంచి ఇప్పుడే పరిగెడుతోంది! తులూజ్ ఏరోస్పేస్‌లో ఉండి వీ.ఐ.ఈ. చూడకపోవడం ఏంటి. ఎయిర్‌బస్, సాఫ్రాన్ లాంటివాళ్ళు పంపుతూనే ఉంటారు, మన హైదరాబాదులో కూడా సాఫ్రాన్ పెద్ద ఇంజిన్ రిపేర్ సెంటర్ పెట్టింది.

మాంట్రియల్_రవి

సుజాత గారూ బాగా చెప్పారు, కానీ వీ.ఐ.ఈ. అప్లై చేస్తే దొరికేది కాదు, ఒక్కో పోస్టుకి వందల్లో పోటీ, పైగా కంపెనీ ఎక్కడికి పంపితే అక్కడికి. చేతికొచ్చిన లాటరీ వదిలి దొరుకుతుందో లేదో తెలీని దానికోసం ఆగమంటారా?

లియోన్_సుజాత

ఆగమనట్లేదండీ. రెండూ నడపమంటున్నా. పీవీటీ ఓకే అయ్యాక ఇచ్చే లెటర్ సాధారణంగా ఏడాది చెల్లుతుంది, ఆ ఏడాదిలో ఎప్పుడైనా కెనడాలో దిగొచ్చు. ఇవాళ సరే అంటే రేపు రాజీనామా ఇవ్వాలని ఎవడు చెప్పాడు. మూడు నెలల ప్రెఆవీ, అంటే నోటీసు పీరియడ్, ఉన్నా టైముంది.

యానాం_వాసి

నా రెండు మాటలు అండి. మా ఊళ్ళో ఫ్రెంచ్ పాస్‌పోర్ట్ ఉన్న ఇళ్ళు ఇంకా కొన్ని ఉన్నాయి, 1962లో విలీనం ఖాయమైనప్పుడు ఫ్రెంచ్ పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలు. పాండిచ్చేరిలో ఇంకా ఎక్కువ. ఆ ఇళ్ళలో పిల్లలకి చిన్నప్పట్నుంచి ఒకటే మాట, పెద్దయ్యాక ఫ్రాన్స్ వెళ్ళాలి. ఇక్కడ గోదారి ఒడ్డున పెరిగిన ఫ్రెంచ్ పౌరుడికి ఫ్రాన్స్ 'విదేశం', అక్కడ పుట్టిన ఫ్రెంచ్ పౌరురాలికి ఫ్రాన్స్ ఇరుకు. పొరుగింటి పుల్లకూర రుచి అనేసి ఊరుకోవచ్చు గానీ, ఎవరి కారణం వాళ్ళకి ఉంటుందండి. ఆ అమ్మాయి ఎందుకు వెళ్తానంటోందో శ్రీను గారు రాయలేదు. అదే కదా అసలు సంగతి.

లిల్_రహీం

యానాం గారు అడిగిందే నేనూ అడగబోయాను. మా బిల్డింగ్‌లో ఒకబ్బాయి, తాతలు అల్జీరియా నుంచి వచ్చారు, ఇంజినీరింగ్ మంచి స్కూల్లో చేశాడు, సీవీ మీద పేరు చూసి ఇంటర్వ్యూలే రావట్లేదని లండన్ వెళ్ళాడు. లండన్ అయినా 2021 నుంచి తేలిక కాదు, బ్రెగ్జిట్ తర్వాత ఫ్రెంచ్ వాళ్ళకీ స్పాన్సర్, జీతం లెక్కలు అన్నీ వచ్చాయి. అలాంటివాళ్ళు దుబాయ్, మాంట్రియల్ కూడా పోతున్నారు. మాంట్రియల్‌లో కూడా 2019లో వచ్చిన లోయి 21 అనే చట్టం ఉందని, టీచరు తలమీద గుడ్డ కట్టుకోకూడదని తెలిసీ పోతున్నారు. అందరూ మంచు చూడ్డానికే వెళ్తున్నారనుకోవద్దు.

తులూజ్_శ్రీను

రహీం భాయ్, ఈ అమ్మాయి విషయంలో అది లేదు. ఆమె చెప్పిన కారణం, 'ఇక్కడ నేను 40 ఏళ్ళకి ఏ కుర్చీలో కూర్చుంటానో ఇప్పుడే కనిపిస్తోంది' అట. వాళ్ళ నాన్న దానికి, కనిపిస్తే మంచిదే కదా అన్నాడట 😀 నాకు ఆయనే కరెక్ట్ అనిపించింది. మనలో ఎంతమందిమి ఆ కుర్చీ కోసమే ఇంత దూరం వచ్చాం.

మెల్బోర్న్_చిన్నా

మీరంతా కెనడా మీద పడ్డారు గానీ ఫ్రెంచ్ పిల్లలు ఇక్కడ ఆస్ట్రేలియా తోటల్లో ఎలా ఉన్నారో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. 417 వీసా అంటే ఇక్కడి వర్కింగ్ హాలిడే, వాళ్ళకి 35 ఏళ్ళ దాకా, సీటు లెక్కలే లేవు. మొదటేడాది అయ్యాక ఇంకో ఏడాది కావాలంటే పల్లెల్లో 88 రోజులు పని చెయ్యాలి, అందుకని మాస్టర్స్ చేసినోళ్ళు వెళ్ళి మామిడికాయలు, బెర్రీలు కోస్తుంటారు. కొన్ని తోటల్లో హాస్టల్ అద్దె పేరుతో జీతంలో సగం లాగేస్తారు, ఆ 88 రోజుల కాగితం మీద సంతకం కోసం నోరుమూసుకుని ఉంటారు. అయినా రెండేళ్ళయ్యాక ఏం కాదు, పారిస్ ఫ్లైట్ ఎక్కేస్తారు. మన పిల్లలకి ఇలాంటి వీసానే 2024లో మొదలైంది, ఏడాదికి 1,000 సీట్లు, దేశమంతా కలిపి, అదీ లాటరీ, అదీ 30 ఏళ్ళ లోపు. కెనడాకైతే మనకి అసలు లేనే లేదు.

శ్రీను అన్నా, నీ అనుభవం ఆ పిల్లకి పనికిరాదు. నువ్వు వెనక్కి వస్తే అప్పు ఉంటది, ఊళ్ళో మాట ఉంటది. ఆమె వెనక్కొస్తే 'ఆ, రెండేళ్ళు కెనడాలో ఉన్నా' అని సీవీలో రాసుకుంటది. రెండిటినీ ఒక తాసులో పెట్టకు.

తులూజ్_శ్రీను

చిన్నా, పాస్‌పోర్ట్ బలం నాకు తెలుసు. కానీ తిరిగి రావడం అంత నున్నగా ఉండదు, సుజాత గారు చెప్పిన లెక్క చూశావు కదా, ఇల్లు అద్దెకి మళ్ళీ జీతం స్లిప్పులు అడుగుతారు, సెక్యూ, అంటే ప్రభుత్వ ఆరోగ్య బీమా, ఆగిపోతుంది, వచ్చిన వెంటనే ఉద్యోగం దొరకకపోతే అది మళ్ళీ మొదలవడానికి మామూలుగా మూడు నెలలు. ఆ మాత్రం నేను చెప్పకూడదా.

సరే అప్‌డేట్. భోజనానికి వెళ్ళొచ్చాను. సుజాత గారు రాసినవన్నీ ఆమె ముందే పెట్టాను. రూప్త్యూర్ గురించి కంపెనీని ముందే అడిగిందట, కుదరదన్నారు. జీతం లేని సెలవు మాత్రం ఏడాదికి అయితే ఆలోచిస్తామన్నారట, నోటిమాటే, కాగితం మీద లేదు. వీ.ఐ.ఈ. తెలుసు, రెండింటికి అప్లై చేసింది, జవాబు లేదు. అంటే మనం అనుకున్నంత తెలివితక్కువ పిల్ల కాదు. మెయిల్ వచ్చినరోజే సరే నొక్కేసిందట, నాన్నకి చెప్పలేదు, నా ముందే చెప్పింది, ఆయన డిజర్ట్ తినకుండా లేచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆఫీసులో నాతోనూ ముభావంగా ఉంటున్నాడు, నేనేదో ఎగదోశానని. నేను ఇప్పటికీ ఏడాది సెలవు రాతపూర్వకంగా వస్తేనే వెళ్ళాలంటాను.

రవి గారూ, ఒక్కటి చెప్పండి, ఇన్సూరెన్స్ ఏడాదికే తీసుకుందామనుకుంటోంది, సెలవు ఏడాదే కదా అని. పర్లేదా?

మాంట్రియల్_రవి

వద్దు వద్దు. ఎయిర్‌పోర్టులో ఇన్సూరెన్స్ కాగితం చూసి అది ఎన్నాళ్ళుంటే పర్మిట్ అన్నాళ్ళకే రాస్తారు, తర్వాత పెంచరు. రెండేళ్ళకీ తీసుకోమనండి. ఖాతాలో 2,500 కెనడియన్ డాలర్లు చూపించే స్టేట్‌మెంటు ప్రింటు తీసి చేతిలో పెట్టుకోమనండి, ఫోన్‌లో చూపిస్తా అంటే కుదరకపోవచ్చు. ఇంకోటి, జనవరిలో దిగొద్దని చెప్పండి, ఏప్రిల్ అయితే ఇల్లు వెతుక్కోడానికి కూడా మంచిది, ఇక్కడ అద్దె ఒప్పందాలు చాలావరకు జులై 1కి మారతాయి.

లియోన్_సుజాత

సెలవు మాట మెయిల్‌లో అడగమనండి శ్రీను గారూ. తిరిగొచ్చే తేదీ, అదే పోస్టా లేక దానికి సమానమైనదా, రెండూ అందులో ఉండాలి. నోటిమాట హెచ్ఆర్ మారిన రోజే పోతుంది.