గాల్వెస్టన్ క్రూజ్: ఓడ త్వరగా దిగాలంటే ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారని జనవరిలో టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ రేవు నుంచి ఐదు రోజుల క్రూజ్ బుక్ చేశాను. మెక్సికోలోని ప్రోగ్రెసో, కోజుమెల్‌లలో ఆగుతుంది. తిరిగొచ్చిన రోజు ఉదయం పదిన్నరకి హ్యూస్టన్ హాబీ ఎయిర్‌పోర్ట్ నుంచి ఫ్లైట్. అందుకోగలమా? కోజుమెల్‌లో దిగాక టులుమ్‌లోని పాత మాయా శిథిలాలు చూపించే టూర్, ఓడవాళ్లది కాదు బయటివాళ్లది, చవగ్గా ఉంది, తీసుకోవచ్చా? అమ్మకి మోకాళ్ల నొప్పులు. పెట్టెలు నాలుగు.

హ్యూస్టన్ నుంచి:
తమ్ముడూ, ముందు ఆ ఫ్లైట్ మార్చుకో, మిగతావి తర్వాత. ఓడ తెల్లారేసరికే రేవులో ఉంటుంది. అయినా అధికారుల అనుమతి వచ్చేదాకా ఒక్కరినీ దించరు. మామూలుగా ఏడు, ఏడున్నరకి మొదలవుతుంది. హాబీ అక్కడికి 40 మైళ్లే కాబట్టి కాగితం మీద అందుతుంది. కానీ నువ్వు వెళ్తున్నది జనవరిలో. చలికాలం ఆ తీరాన పొగమంచు కమ్మితే ఓడల రాకపోకలు ఆపేస్తారు. ఓసారి మేం మధ్యాహ్నం రెండు దాకా సముద్రంలోనే ఉండిపోయాం. మా ఫ్లైట్ మేం లేకుండానే వెళ్లిపోయింది.

త్వరగా దిగాలంటే ఒకటే దారి, మీ సామాను మీరే మోసుకుని దిగడం. సెల్ఫ్ అసిస్ట్ అంటారు, కొన్ని ఓడల్లో వాక్ ఆఫ్ అంటారు. మిగతావాళ్లు ముందురోజు రాత్రే పెట్టెలకు ట్యాగ్ కట్టి గది బయట పెడతారు. పొద్దున తమ నంబరు పిలిచాక దిగి, టెర్మినల్‌లో వెతుక్కుంటారు. మీరు పెట్టొద్దు. అయితే నాలుగు పెట్టెలతో అది మీ వల్ల కాదు. ఆ ఉదయం లిఫ్ట్ దొరకడం అంటే సంక్రాంతికి బస్సులో సీటు దొరికినట్టే. తలా ఒక చిన్న పెట్టెకి తగ్గించండి.

ఫ్రిస్కో నుంచి:
అమ్మగారికి వీల్‌చెయిర్ ముందే చెప్పి పెట్టండి. కాకపోతే వీల్‌చెయిర్ వాళ్లందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, తోసే మనిషి వచ్చినప్పుడే పంపుతారు. సుఖం ఉంటుంది, తొందర ఉండదు. రెండూ కావాలంటే కుదరదు.

పాస్‌పోర్టులు, మందులు, మీ ఐ 797 (వీసా స్టేటస్ అప్రూవల్ నోటీసు) చేతిసంచిలోనే ఉండాలి. సిటిజన్లు గబగబా వెళ్లిపోతున్నారని కంగారు పడకండి, మన వీసాల వాళ్లని ఆఫీసర్ ఒకటికి రెండుసార్లు అడగొచ్చు. వీసా స్టాంప్ గడువు తీరిపోయి ఉంటే మాత్రం బయల్దేరక ముందే లాయర్‌ని అడగండి. పండ్లు ఓడలోనే వదిలేయండి. మా అత్తయ్య దారిలో తిందామని సంచిలో ఒక ఆపిల్ వేసుకున్నారు. కస్టమ్స్‌లో దానివల్ల ఆగిపోయాం, ముందు దిగినా అందరికన్నా చివర బయటపడ్డాం.

ఆస్టిన్ నుంచి:
టులుమ్ వద్దు బ్రదర్. కోజుమెల్ ద్వీపం. ఫెర్రీలో ముప్పావు గంట దాటి ప్లాయా దెల్ కార్మెన్ చేరాలి, అక్కడినుంచి రోడ్డు మీద ఇంకో గంట. మళ్లీ అంతా వెనక్కి. అమ్మగారి మోకాళ్లతో అక్కర్లేదు. ద్వీపంలోనే సాన్ హెర్వాసియో ఉంది, ఇష్చెల్ అనే మాయా దేవత క్షేత్రం. నడక ఉంటుంది కానీ ఫెర్రీ గొడవ లేదు. ఇంకో సంగతి: ఓడవాళ్ల టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. బయటి టూర్ అయితే ఆగదు.

గడియారం జాగ్రత్త! కోజుమెల్ ఉన్న రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఒకే టైమ్ వాడుతుంది. జనవరిలో అది టెక్సస్ కంటే గంట ముందు. ఓడ టెక్సస్ టైమ్‌లోనే ఉంటే, టూర్ అతను తొమ్మిదికి రమ్మన్నాడంటే ఓడలో ఎనిమిదే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ప్రోగ్రెసోది చలికాలంలో మన టైమే. ఎండాకాలం వెళ్లేవాళ్లకి తంటా ఎదురవుతుంది. అక్కడ ఫోన్ గంట వెనక చూపిస్తుంది, ఇంకా టైముందని షాపింగ్ చేస్తూ కూర్చుంటారు. చేతికి మామూలు వాచీ పెట్టుకుని ఓడ టైమ్‌కి తిప్పుకోండి.

ప్రోగ్రెసోలో దిగినా ఊళ్లోకి వచ్చినట్టు కాదు. అక్కడ సముద్రం లోతు తక్కువ కాబట్టి రేవు వంతెనే ఆరు కిలోమీటర్ల పైన ఉంటుంది, ఓడ దాని చివర ఆగుతుంది. బస్సులు తిప్పుతారు. అక్కడ కూడా లైనే. మొదటి అరగంట తోసుకోకుండా టిఫిన్ తినేసి దిగండి.

అడిగిన అబ్బాయి:
ఫ్లైట్ సాయంత్రం ఆరుకి మార్చాను. టులుమ్ వదిలేశాం. అమ్మ అడుగుతోంది, ఆవకాయ తీసుకెళ్లొచ్చా అని.

ఫ్రిస్కో నుంచి:
చాలా ఓడల్లో ఇంట్లో చేసినవి ఎక్కనివ్వరు. సీల్ ఉన్న ప్యాకెట్లు చాలాచోట్ల ఒప్పుకుంటారు, మీ ఓడ నియమాలు చూసుకోండి. కొట్లో కొన్నదే తీసుకెళ్లమనండి. ఆవిడ ఒప్పుకుంటే.