ఆటోట్రేస్ చేసిన బొమ్మ మనం గీసినట్టేనా?

కొత్తగీత: బ్రౌజర్‌లోనే నడిచే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వెక్టర్ డిజైన్ (రంగు చుక్కలతో కాక గీతలు, వంపులతో బొమ్మ తయారుచేయడం) నేర్చుకుంటున్నాను. పెన్సిలుతో పిచ్చుకను గీసి, ఫొటో తీసి, ఆటోట్రేస్ చేశాను, అంటే ఫొటోలోని గీతలను సాఫ్ట్‌వేరే వెక్టర్ గీతలుగా మార్చింది. బాగానే వచ్చింది. మా సార్ మాత్రం నోడ్లు (గీతను నిలిపి ఉంచే బిందువులు) తెరిచి చూసి, "ఇది నువ్వు గీసింది కాదు, పెన్ టూల్‌తో ఒక్కో నోడ్ పెడుతూ మళ్లీ గీయి" అన్నారు. బొమ్మ నాదే కదా! మీరేమంటారు?

నోడ్‌లెక్క: మీ సార్ చెప్పిందే సరి. పిచ్చుక కన్ను మీద క్లిక్ చేసి చూడండి. గుండ్రటి కంటికి నాలుగు నోడ్లు చాలు. ట్రేస్ చేస్తే పెన్సిలు గరుకంతా నోడ్లుగా మారుతుంది. తర్వాత కన్ను ఆకారం కాస్త మార్చాలంటే ఏ నోడ్ లాగాలో తెలియదు, ఒకటి లాగితే పక్కన ముడత పడుతుంది. పెన్ టూల్‌తో అయితే వంపు ఎక్కడ మొదలై ఎక్కడ తిరగాలో మీరే తేల్చుకోవాలి. నేర్చుకోవడమంటే అదే.

తిన్ననిగీత: నాలుగు నోడ్లతో వచ్చేది అసలు వృత్తమే కాదు. నోడ్ల మధ్య గీసే ఈ బెజియర్ వంపుతో కచ్చితమైన వృత్తం రాదు. హ్యాండిల్ (వంపును మలచడానికి నోడ్ నుంచి బయటికి వచ్చే పుల్ల) పొడవు వ్యాసార్థంలో 0.5523 వంతు పెడితే దగ్గరికి వస్తుంది, అంతే.

నోడ్‌లెక్క: ఆ తేడా వ్యాసార్థంలో 0.03 శాతం కూడా ఉండదు. పిచ్చుక కంట్లో అది ఎవరికి కనిపిస్తుంది?

తిన్ననిగీత: కనిపించకపోతే ఫర్వాలేదా? అయితే ట్రేస్‌లోని నోడ్లూ ఎవరికీ కనిపించవు!

పక్కబెంచీ: ఎస్‌వీజీలో (వెక్టర్ బొమ్మలు దాచే ఫైల్ రకం) వృత్తానికి విడిగా సర్కిల్ ట్యాగ్ ఉంది. కేంద్రం, వ్యాసార్థం ఇస్తే చాలు. ఇద్దరూ పిచ్చుకను వదిలేసి కన్ను పట్టుకున్నారు.

నోడ్‌లెక్క: మీకు నవ్వులాటగా ఉంది. ఇతరులు ట్రేస్ చేసి పంపిన లోగోలను శుభ్రం చేయడమే నా రోజువారీ పని. వాటిని అలాగే స్టిక్కర్ కోసే యంత్రానికి పంపితే బ్లేడు ప్రతి గరుకు వెంటా తిరిగి అంచంతా రంపపు పళ్లలా వస్తుంది. అప్పుడు ఫోను నాకు వస్తుంది, ట్రేస్ చేసినవారికి కాదు.

తిన్ననిగీత: అదీ సంగతి. కోపం మీకు ఫైళ్లు పంపేవారి మీద, చూపిస్తున్నది ఈ విద్యార్థి మీద. నాకు నేర్పేవారు లేరు, సాఫ్ట్‌వేర్ కొనే స్తోమతా లేదు. ట్రేస్ చేసిన బొమ్మల్లో నోడ్లు ఒక్కొక్కటే తీసేస్తూ, ఏది తీస్తే వంపు చెడుతుందో చూసి నేర్చుకున్నాను. ఉద్యోగానికి వెళితే "ఆన్‌లైన్‌లో గీస్తారా?" అని నా పని తెరవకుండానే పంపేశారు. అచ్చం మీలాంటివారే.

నోడ్‌లెక్క: సాఫ్ట్‌వేర్‌ను నేను ఒక్క మాటైనా అన్నానా? పైకి వెళ్లి చదవండి. ఎస్‌వీజీ 2001లోనే వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణమైంది, అది ఎక్కడ గీసినా ఎస్‌వీజీయే. మీరు నోడ్లు తీశారు, ఈ విద్యార్థి తీయలేదు. నా అభ్యంతరం అక్కడే.

తిన్ననిగీత: తీయమని మీరు చెప్పారా? మొదటి నుంచి గీయమన్న సారునే వెనకేసుకొచ్చారు. అందరూ మీరు వచ్చిన దారినే రావాలని మీ పట్టు.

నోడ్‌లెక్క: ఖాళీ పేజీలో మొదటి నోడ్ ఎక్కడ పెట్టాలో తెలియనివారికి ఏది తీయాలో మాత్రం ఎలా తెలుస్తుంది?

తిన్ననిగీత: తీసి చూస్తే తెలుస్తుంది. అన్‌డూ ఉన్నది ఎందుకు?

కొత్తగీత: ఇప్పుడే చూశాను, ఒక్క కంటికే 61 నోడ్లున్నాయి. బొమ్మంతా ఎంచుకుని, నోడ్లు తగ్గించే సింప్లిఫై నొక్కితే కన్ను బాగుపడింది గానీ ముక్కు మొన అరిగిపోయింది. ముక్కు వరకు పెన్ టూల్‌తో గీస్తున్నాను. మొన దగ్గర ఒక హ్యాండిల్ తిప్పితే రెండోదీ తిరుగుతోంది. విడదీయడం ఎలా?

పక్కబెంచీ: ఆ నోడ్‌ను స్మూత్ (రెండు హ్యాండిళ్లూ కలిసి తిరిగే రకం) నుంచి కార్నర్‌కు (దేనికది తిరిగే రకం) మార్చండి.